ఒక్క కంఠంలో నాటకశాల

రేడియో నాటకం వినే అలవాటున్న ఇంటివారికి ఒక వింత అనుభవమే. నటుని ముఖం కనబడదు. వేషం లేదు, తెర లేదు, దీపాలు లేవు. వీధి తలుపు కిర్రుమంటుంది, ఎవరో పొడిగా దగ్గుతారు, "ఎవరు నాయనా అది?" అని ఒక ముసలమ్మ పలుకుతుంది. అంతే, రేడియో పెట్టె ఉన్న మూలనే ఒక పల్లెటూరి పంచ వెలుస్తుంది. ఆ ముసలమ్మ గుమ్మం పట్టుకొని నిలిచి ఉన్నట్టు కూడ మనకు తోస్తుంది. స్టూడియోలో పనిచేసే మావంటివారికి మరొక సంగతి తెలుసు. ఆ ముసలమ్మా, ఆ దగ్గినవాడూ ఒక్కొక్కప్పుడు ఒకే మనిషి. మైక్రోఫోనుకు ఒక అడుగు ఎడంగా జరిగి దగ్గుతాడు. మళ్లీ దగ్గరకు వచ్చి ముసలమ్మ అవుతాడు.

ఒక్క కంఠంతో పదిమందిని పుట్టించే ఈ విద్య రేడియోతో పుట్టినది కాదు. రేడియో ప్రసారాలు మొదలు కావడానికి నూరేళ్ల ముందే లండను నగరంలో ఒక నటుడు దీనిని రెండు మూడు గంటలు సాగే సంపూర్ణ రంగస్థల ప్రదర్శనగా తీర్చిదిద్దినాడు. అతని పేరు చార్లెస్ మాథ్యూస్. అనుకరణ అనే చిన్న విద్య అతని చేతిలో ఏ విధంగా స్వతంత్రమైన కళ అయినదో, ఆ కళ అతనికీ, అతని తరువాతివారికీ ఏమి ఇచ్చినదో, వారినుంచి ఏమి తీసుకొన్నదో చెప్పుకొనడమే ఈ ప్రసంగం ఉద్దేశం.

కథను ఒక్కడే మోయడం మనవారికి కొత్త కాదు. హరికథా పితామహులని పేరుపొందిన ఆదిభట్ల నారాయణదాసుగారు (1864–1945) కాళ్ల గజ్జెలతో, చేతి చిరతలతో నిలుచుంటే ధ్రువుడూ ఆయనే, సురుచీ ఆయనే, నారదుడూ ఆయనే. మన హరికథకు పుట్టుక భక్తిలో ఉన్నది. ఇంగ్లండులో మాత్రం ఒంటి నటుని ప్రదర్శనకు పురుడు పోసినది ఒక చట్టం.

1737లో బ్రిటిషు పార్లమెంటు నాటకాలను గూర్చి ఒక శాసనం చేసినది. ఆనాటి ప్రధానమంత్రి వాల్పోల్‌ను రంగస్థలం మీద ఎగతాళి చేయడం మితిమీరినదని ప్రభుత్వానికి కోపం వచ్చినది. దానితో ప్రతి కొత్త నాటకమూ లార్డ్ చాంబర్లేన్ అనే రాజోద్యోగి అనుమతి పొందవలెనన్నారు. లండనులో సంభాషణలతో కూడిన నాటకం ఆడే హక్కు డ్రూరీ లేన్, కావెంట్ గార్డెన్ అనే రెండు శాలలకే మిగిలినది. కొంతకాలానికి హేమార్కెట్ శాలకు వేసవి నెలలలో మాత్రం అనుమతి దొరికినది. తక్కినవారు పాటలూ, మూకాభినయాలూ, గుర్రపు విన్యాసాలూ చూపుకొని బ్రతకవలసినదే. ఈ గుత్తాధికారం 1843 వరకు, అంటే నూటఆరేళ్లు, సాగినది.

కట్టడి ఉన్నచోట ఉపాయం పుడుతుంది. 1747లో శామ్యూల్ ఫుట్ అనే నటుడు హేమార్కెట్ శాలలో ప్రసిద్ధులను అనుకరిస్తూ ఒక హాస్య ప్రదర్శన మొదలుపెట్టినాడు. అధికారులు ఆపించినారు. వెంటనే అతడు తన మిత్రులను చాకొలెట్ పానీయం త్రాగడానికి ఆహ్వానిస్తున్నానని ప్రకటించినాడు. ఆ పానీయం సిద్ధమయ్యేలోగా కొందరు యువనటులకు పాఠం చెబుతానన్నాడు. తరువాత ఆ చాకొలెట్ తేనీరుగా మారినది. టిక్కెట్టు కొన్నవారికి సంగతి తెలుసు. ఎవరూ పానీయం కొరకు రాలేదు. చట్టం కంటికి అది నాటకం కాదు, విందు. 1764లో జార్జి అలెగ్జాండర్ స్టీవెన్స్ అనే మరొకడు బల్లమీద కాగితపు గుజ్జుతో చేసిన తలబొమ్మలను వరుసగా పెట్టి, ఒక్కొక్కదానిని చూపిస్తూ ఆ రకపు మనిషిని గూర్చి వేళాకోళంగా ఉపన్యసించినాడు. అదీ నాటకం కాదు, ఉపన్యాసం. ఆ తలల ఉపన్యాసం అతనికి బాగా ధనం సంపాదించి పెట్టినది. 1789 ప్రాంతాన చార్లెస్ డిబ్డిన్ వాద్యం ముందు కూర్చుండి కబుర్లు చెబుతూ తన పాటలు తానే పాడుతూ ఒక సాయంకాలమంతా నడిపేవాడు. ఈ ముగ్గురూ తలొక ఇటుక పేర్చినారు. ఇల్లు కట్టినవాడు మాథ్యూస్.

అతడు 1776 జూన్ 28న లండనులో పుట్టినాడు. తండ్రి స్ట్రాండ్ వీధిలో పుస్తకాల అంగడివాడు. మతనిష్ఠ మెండుగా గలవాడు. ఆ అంగడికి వచ్చేవారు బోధకులు, భక్తులు. నాటకశాల పేరు ఆ ఇంట పాపపు మాట. పసితనంలో వచ్చిన మూర్ఛల వలన పిల్లవాని మూతి ఒక ప్రక్కకు వంకర తిరిగినది. ఆ వంకర మూతినుంచి ఏ గొంతు కావలెనంటే ఆ గొంతు వచ్చేది. వీధిలో మలుగు చేపలు అమ్ముకొనే ఒకడు సాగదీసి కేక వేసేవాడట. పిల్లవాడు ఆ కేకను అచ్చంగా దించి ఇరుగుపొరుగును నవ్వించేవాడు. ఆ చేపలవాడు ఒకనాడు దొరకపుచ్చుకొని దేహశుద్ధి చేసినాడు. అనుకరణకు లభించిన తొలి బహుమానం అది. నవ్వినవారు ఎందరైనా, ఎవరి గొంతును మనం దించుతున్నామో ఆ మనిషికి అది నవ్వుగా ఉండకపోవచ్చునన్న పాఠం అందులో ఉన్నది. మాథ్యూస్ దానిని జీవితాంతం నేర్చుకొంటూనే ఉన్నాడు.

1793లో అతడు రిచ్‌మండ్ పట్టణంలో తొలిసారి రంగమెక్కినాడు. మూడవ రిచర్డు నాటకంలో రాజును చంపే రిచ్‌మండ్ ప్రభువు వేషం. కుర్రవానికి కత్తిసాము మీద మోజు. ఆ మోజులో పడి, చావవలసిన రిచర్డును ఎంతకూ చావనివ్వక పోరాటాన్ని పొడిగించినాడని చెప్పుకొంటారు. మరుసటి సంవత్సరం తండ్రి అయిష్టంగానే పంపగా డబ్లిన్ వెళ్లి నటుడైనాడు. అక్కడ జీతం చాలదు, వేషాలు చాలవు. వేల్స్‌లో కొంతకాలం తిరిగి, 1798లో యార్క్ పట్టణపు సమాజంలో చేరినాడు. దాని యజమాని టేట్ విల్కిన్‌సన్ స్వయంగా ఆరితేరిన అనుకర్త. మనిషి మరీ పొడుగు, మరీ సన్నం, మూతి వంకర అని మొదట పెదవి విరిచినవాడే, కొద్దికాలంలో ఇతని విలువ గుర్తించినాడు. 1803లో లండను హేమార్కెట్ పిలిచినది. ఆ మరుసటి సంవత్సరం డ్రూరీ లేన్ పిలిచినది. 1809 ఫిబ్రవరిలో డ్రూరీ లేన్ శాల అగ్నికి ఆహుతియైన తరువాత, 1812లో అతడు కావెంట్ గార్డెన్ చేరినాడు.

ఇంతవరకు ఇది ఏ నటుని కథకైనా సరిపోతుంది. మలుపు 1814లో వచ్చినది. ఒక చిన్న గుర్రపు బండి నుంచి పడి అతని కాలు దెబ్బతిన్నది. ఆ కుంటు మరి పోలేదు. నాటకంలో పరుగులెత్తే వేషాలు తగ్గినవి. శాల యజమానులు అతనిలో నటుని కంటె అనుకర్తనే చూసినారు. పెద్ద వేషాలు ఇతరులకు పోయినవి. నెలల తరబడి ఖాళీగా కూర్చుండడం అతనికి ప్రాణాంతకమైనది. అయితే 1808లోనే యార్క్‌షైర్ ప్రాంతంలో భార్యతో కలిసి ఒక చిన్న వినోద కార్యక్రమం నడిపి చూసిన అనుభవం ఉన్నది. ఇంగ్లీషు ఒపెరా హౌస్ యజమాని ఆర్నాల్డు దానిని ఎరిగినవాడు. రాజపత్రం లేని ఆ శాలలో నాటకం ఆడరాదు. కాని ఒక పెద్దమనిషి తన అతిథులతో మాట్లాడుతూ కూర్చుంటే ఎవరు కాదంటారు?

1818 ఏప్రిల్ మాసంలో ప్రకటన వెలువడినది: మాథ్యూస్ ఎట్ హోం. ఆనాటి సంపన్న గృహిణులు ఫలానా సాయంకాలం ఇంటిపట్టున ఉంటామని, రాదలచినవారు రావచ్చునని చీటీలు పంపే ఆచారం ఉండేది. ఆ చీటీలోని మాటే ఇతడు తన ప్రదర్శనకు పేరుగా పెట్టుకొన్నాడు. ఫుట్ చాకొలెట్టుకు పిలిచినట్టే ఇతడు ఇంటికి పిలిచినాడు.

తెర లేచినప్పుడు కనబడేది నాటకపు సరంజామా కాదు. ఒక బల్ల, దానిమీద గుడ్డ, దీపాలు, ఒక ప్రక్క పియానో. మాథ్యూస్ మామూలు నల్లని దుస్తులతో, కుంటుతూ వచ్చి నమస్కరించేవాడు. ఆ మొదటి ప్రదర్శన పేరు మెయిల్ కోచ్ ప్రయాణాలు. తాను తపాలా బండిలో ఊళ్లు తిరిగిన సంగతులు స్నేహితులకు చెబుతున్న ధోరణిలో మొదలుపెట్టేవాడు. చెబుతూ చెబుతూ బండివాడు అయ్యేవాడు. పూటకూళ్ల ఇంటి యజమాని అయ్యేవాడు. నిద్రపోతూ ప్రక్కవానిమీద వాలే లావుపాటి ప్రయాణికుడు అయ్యేవాడు. మధ్యమధ్య వేగంగా సాగే హాస్యపు పాటలు. ఆ పాట చరణాల నడుమ మళ్లీ మాటలు. కెంబుల్, కీన్ వంటి మహానటుల కంఠాలను దించడం కూడ ఒక భాగం.

చివరి భాగానికి అతడు పెట్టిన పేరు మొనోపాలిలాగ్. ఒక్కడు పలికే పలువురి మాటలు అని దాని అర్థం. ఇక్కడ దుస్తులు కూడ మారేవి. ఒక చిన్న ప్రహసనంలోని పాత్రలన్నీ అతడే. ఒక పాత్ర తలుపు వెనుకకు వెళ్లి క్షణంలో మరొక పాత్రగా వచ్చేది. ఆ క్షణం ఖాళీగా ఉండకుండ లోపలినుంచి ఇద్దరు తగవులాడుతున్న చప్పుడు వినబడేది. నోరు కదలకుండ వేరొకచోటినుంచి మాట పుట్టించే విద్య కూడ అతనికి పట్టుబడినదే. 1819లో వచ్చిన పారిసు ప్రయాణం అనే ప్రదర్శన చివర, ఒక ఫ్రెంచి ప్రయాణపు బండిలో ఎక్కవలసినవారందరినీ అతడొక్కడే ఎక్కించి దించినాడు.

ఈ నిర్మాణంలోని తెలివిని కొంచెం నిలిచి చూడవలెను. అనుకరణలు ఎన్ని చేసినా అవి విడివిడి పూసలే. అరగంట దాటితే శ్రోత అలసిపోతాడు. మాథ్యూస్ ప్రయాణమనే దారం కనుగొన్నాడు. ప్రయాణంలో ఎవరైనా ఎక్కవచ్చును, ఎవరైనా దిగవచ్చును. ఎందుకు వచ్చినారని ఎవరూ అడగరు. చెప్పేవాడు మాత్రం మొదటినుంచి చివరివరకు మనతోనే ఉంటాడు. ఆ చెప్పేవాని సహజ కంఠమే ప్రదర్శనకు నేల. తక్కిన కంఠాలన్నీ దానిమీద మొలిచి, మళ్లీ దానిలోకి అణగిపోతవి. స్వంత గొంతు స్థిరంగా లేనివాడు ఇతరుల గొంతులతో మూడు గంటలు నడపలేడు. మా స్టూడియోలో కథలు చదివే ఎవరినడిగినా ఈ మాటే చెబుతారు.

రెండవ తెలివి ఇంకా లోతైనది. పేరుగల నటుని గొంతు దించితే శ్రోత తన జ్ఞాపకంతో సరిచూసుకొంటాడు. సరిపోతే చప్పట్లు కొడతాడు. ఆ మెప్పులో సగం ఆ పేరుగల నటునిదే. ఎవరూ ఎరగని మనిషిని తెచ్చి నిలబెట్టినప్పుడు సరిచూసుకొనేందుకు ఏమీ లేదు. శ్రోత నమ్మవలెను, లేదా నమ్మడు. మాథ్యూస్ పాత్రలలో మిక్కిలి పేరుగన్నది స్కాట్లండు ముసలమ్మ. ఆమె ఎవరో ప్రేక్షకులలో ఎవరికీ తెలియదు. ఎంతో ముఖ్యమన్నట్టు ఆమె ఒక కథ ఎత్తుకొంటుంది. దానికి తలా తోకా ఉండదు. అయినా ఆమెను ఎరుగుదుమని ప్రతివారికీ అనిపించినది. ఎందుకంటే అటువంటి ముసలమ్మ ప్రతి ఇంటిలోను ఒకరు ఉంటారు. తనను అనుకర్త అని పిలిస్తే మాథ్యూస్ నొచ్చుకొనేవాడు. ఆ నొప్పిలో న్యాయమున్నది. అతడు గొంతును దించడం మాని మనిషిని కట్టడం నేర్చుకొన్నాడు.

గొంతు మారడమంటే శ్రుతి మారడమని చాలామంది అనుకొంటారు. అది అన్నిటికంటె చిన్న మార్పు. ఊపిరి ఎక్కడ తీసుకొంటాడు, వాక్యాన్ని ఎక్కడ విడిచిపెడతాడు, ఏ మాట దగ్గర తడబడతాడు, ఏ ఊరి యాస, వినేవాడు పెద్దవాడైతే ఏ మాట మింగుతాడు – మనిషి వీటిలో ఉంటాడు. గోదావరి ఒడ్డున పెరిగినవాడూ, కడపవాడూ, ఓరుగల్లువాడూ ఒకే శ్రుతిలో "రండి" అన్నా, కళ్లు మూసుకొని మనం వేరుచేయగలం. మాథ్యూస్ ఈ పరిశీలన బండ్లలోను, సత్రాలలోను చేసినాడు. కుంటికాలితో ఊరూరా తిరిగిన ప్రయాణాలే అతని పాఠశాల. వ్రాతలో సహాయానికి జేమ్స్ స్మిత్ వంటి హాస్యరచయితలు ఉండేవారు. కాని వారు వ్రాసి ఇచ్చినది ఎముకలగూడు. దానికి రక్తమాంసాలు ఇతని గొంతువే.

జనం విరగబడి వచ్చినారు. అయితే తొలి ఒడంబడిక అతనికి అనుకూలం కాదు. ఏడేళ్లపాటు నిర్ణీతమైన వార్షిక జీతానికి తన్ను తాను కట్టివేసుకొన్నాడు. శాల నిండే కొద్దీ లాభం యజమానికి చేరినది, శ్రమ నటునికి మిగిలినది. ఆ చింతతో అతని ఆరోగ్యం చెడినది. తరువాత షరతులు సవరించుకొన్నారు. నాటకంలో ఒకనికి జబ్బు చేస్తే మరొకడు నిలబడతాడు. ఒంటి ప్రదర్శనలో నటుడు దగ్గితే శాలకు తాళమే. ఒక్క కంఠం మీద కట్టిన ఇంటికి దూలమూ అదే, గోడా అదే.

1822లో అతడు అమెరికాకు ఓడ ఎక్కినాడు. చేరేసరికి న్యూయార్కులో పచ్చజ్వరం ప్రబలి ఉన్నది. ఆ దేశంలో ప్రదర్శనలిస్తూనే అక్కడి మాటలను చెవినిండ నింపుకొన్నాడు. 1824లో లండనులో అమెరికా యాత్ర అనే కొత్త ప్రదర్శన పెట్టినాడు. అందులో ఒక ఘట్టం చరిత్రలో నిలిచిపోయినది, కీర్తిగా కాదు. న్యూయార్కులో ఆనాడు నీగ్రో నటులు తమ స్వంత నాటకశాల నడిపేవారు. అక్కడ తాను హామ్లెట్ చూసినానని, నటుడు స్వగతంలోని ఒక మాటను పొరబాటుగా పలకగా, ప్రేక్షకులు దానిని ఒక జంతువు పేరుగా విని, ఆ జంతువు మీది జానపద గీతం పాడమని గోల చేసినారని, నటుడు హామ్లెట్ ఆపి ఆ పాట పాడినాడని మాథ్యూస్ అభినయించి చూపినాడు. లండను పొట్టచెక్కలయ్యేట్టు నవ్వినది.

న్యూయార్కులో పుట్టి ఆ రంగంతో పరిచయమున్న యువకుడు ఐరా ఆల్‌డ్రిజ్ (1807–1867) ఆ రోజులలోనే ఇంగ్లండు చేరినాడు. తరువాతి కాలంలో ఒథెల్లోగా, లియర్ రాజుగా యూరపు రాజధానులు మెచ్చిన మహానటుడతడు. అటువంటి సంఘటన జరగనే లేదని అతడు అచ్చులో ఖండించినాడు. అయినా ఆ హాస్యం అతనిని వదలలేదు. ఆ పాటను అతడు తన ప్రదర్శనలలో చేర్చుకొని పాడవలసివచ్చినది. ఒకడు సరదాగా పుట్టించిన గొంతు మరొకని మెడకు గుదిబండ అయినది. అతనిని చూడవచ్చినవారు ముందే ఒక గొంతు విని వచ్చినారు. అది అతని గొంతు కాదు.

చేపలవాడు కొట్టిన దెబ్బ ఇక్కడ మళ్లీ జ్ఞాపకానికి వస్తుంది. స్కాట్లండు ముసలమ్మను నిలబెట్టినప్పుడు మాథ్యూస్ ఒక మనిషిని చూసినాడు. న్యూయార్కు నటుని విషయంలో అతడు మనిషిని చూడలేదు. తన ప్రేక్షకులు ముందే నమ్మిన ఒక బొమ్మకు గొంతు ఇచ్చినాడు. విద్య రెండింటిలోను ఒకటే, నేర్పు ఒకటే. తేడా చెవిలో లేదు, చూపులో ఉన్నది. యాసను హాస్యానికి వాడుకొనే ప్రతి నటుడూ, మా రేడియో నటులతో సహా, ఈ గీతకు ఏ ప్రక్క నిలిచినాడో తన్ను తాను అడుగుకొనక తప్పదు.

1828లో మాథ్యూస్ అడెల్ఫీ నాటకశాలలో భాగస్వామి అయినాడు. అక్కడా ఈ ప్రదర్శనలు సాగినవి. 1834లో రెండవసారి అమెరికా వెళ్లినాడు. ఆరోగ్యం సహకరించలేదు. తిరిగివచ్చి 1835 జూన్ 28న ప్లిమత్‌లో కన్నుమూసినాడు. అది అతని 59వ జన్మదినం.

గొంతుతో చేసిన కళ గొంతుతోనే పోవలెను. ఆనాడు ధ్వనిముద్రణ లేదు. కాని మాథ్యూస్ విద్య ఒక వారసునికి చేరినది. లండను న్యాయవాదుల కార్యాలయాలలో గుమాస్తాగా, తరువాత కోర్టు విలేఖరిగా పనిచేస్తున్న ఒక పేద యువకుడు ఆ రోజులలో ఇంచుమించు ప్రతి రాత్రి నాటకశాలకు పోయేవాడు. మాథ్యూస్ ప్రదర్శన ఉంటే తప్పక అక్కడికే. ఇంటికి వచ్చి గదిలో నడవడం, కుర్చీలో కూర్చుండడం కూడ నటునివలె గంటల తరబడి అభ్యసించేవాడు. 1832లో కావెంట్ గార్డెన్ శాలకు ఉత్తరం వ్రాసి పరీక్షకు రోజు ఖాయం చేసుకొన్నాడు. ఆ రోజున విపరీతమైన జలుబు, ముఖం వాపు. వెళ్లలేకపోయినాడు. ఆ యువకుడు చార్లెస్ డికెన్స్.

నటుడు కాలేక నవలాకారుడైన డికెన్స్ నలభైఒక్క ఏళ్ల వయస్సున మళ్లీ రంగస్థలం మీదకు వచ్చినాడు, పుస్తకం చేతపట్టుకొని. 1853 డిసెంబరు 27న బర్మింగ్‌హాం పురమందిరంలో, ఒక విద్యాసంస్థకు సహాయార్థం, తన క్రిస్మస్ కథను దాదాపు రెండువేల మందికి చదివి వినిపించినాడు. మూడు రోజుల తరువాత, అతని కోరిక మీద, శ్రామికులకు చవక టిక్కెట్లతో మరొక పఠనం ఏర్పాటయినది. డబ్బు తీసుకొని చదవడం రచయిత గౌరవానికి తగదని మిత్రుడు ఫార్‌స్టర్ వారించినాడు. 1858 ఏప్రిల్ 29న డికెన్స్ ఆ గీత దాటినాడు. అప్పటినుంచి పన్నెండేళ్లలో నాలుగు వందలకు మించి పఠనాలు ఇచ్చినాడు. 1867–68లో అమెరికాలో ఇచ్చిన 76 పఠనాలకు సుమారు 19,000 పౌన్లు మిగిలినవి. టిక్కెట్ల కొరకు మంచులో రాత్రంతా జనం వీధులలో బారులు తీరినారు.

అతని రంగం మాథ్యూస్ రంగం కంటె నిరాడంబరం. నడుమెత్తు బల్ల ఒకటి, మోచేయి ఆనించుకొనేందుకు ఒక దిమ్మ, మంచినీళ్లకు చిన్న అర, వెనుక ముదురు ఎరుపు తెర, ముఖం మీద పడే గ్యాసు దీపాలు. వేషం మార్పు లేదు. పుస్తకం ముందున్నా చూడవలసిన పని లేదు, కంఠస్థం. నవలను కోసి, కుదించి, ఎక్కడ గొంతు తగ్గించవలెనో, ఎక్కడ చేయి ఎత్తవలెనో అంచులలో వ్రాసుకొన్న ప్రత్యేక ప్రతులు తయారుచేసుకొనేవాడు. మేము ప్రసార ప్రతిమీద ఎర్రసిరాతో గీసుకొనే గీతలకు అవి ముత్తాతలు.

1868లో అతడు ఆలివర్ ట్విస్ట్ నవల నుంచి సైక్స్ అనే దుర్మార్గుడు నాన్సీని హత్య చేసే ఘట్టాన్ని ఎన్నుకొన్నాడు. ఒకనాడు ఇంట్లో పనిచేసుకొంటున్న పెద్దకుమారునికి బయట ఎవరో ఆడమనిషిని కొడుతున్నట్టు అరుపులు వినబడినవి. పరుగెత్తిపోయి చూస్తే పచ్చికలో తండ్రి ఒంటరిగా ఆ ఘట్టం అభ్యసిస్తున్నాడు. ఇంత గొప్పగా ఎన్నడూ వినలేదని, అయినా ప్రదర్శించవద్దని కొడుకు సలహా. డికెన్స్ వినలేదు. 1869 జనవరిలో ప్రజల ముందు చదివినాడు. స్త్రీలు స్పృహతప్పినారు. అతని నాడి నిమిషానికి 72 ఉండేది 112కు పెరిగేది. ఒక్కొక్క రాత్రి 120 దాటేది. వైద్యుడు ప్రక్కగదిలో కూర్చుండి లెక్కపెట్టేవాడు. ఏప్రిల్‌లో శరీరం కూలబడగా వైద్యులు పర్యటన ఆపించినారు. 1870 మార్చి 15న చివరి పఠనం. జూన్ 9న మరణం, వయస్సు 58.

ఎందుకింత పంతం? ధనం ఒక కారణం. కాని ధనం చాలినంత వచ్చిన తరువాత కూడ అతడు ఆపలేదు. పుస్తకం పాఠకుని ఇంటికి పోతుంది; అక్కడ నవ్వినారో ఏడ్చినారో రచయిత చూడలేడు. ఒక్క కంఠంతో రెండువేల మంది ఊపిరిని బిగబట్టించి విడిపించిన రాత్రిని ఎరిగినవానికి మరి మౌనంగా బల్లముందు కూర్చుండడం కష్టం. మాథ్యూస్‌ను కుంటికాలితో ఊరూరా త్రిప్పినది కూడ బహుశా ఈ దాహమే.

ఆ దారి ఆగలేదు. 1951లో వేల్స్ దేశపు నటుడు ఎమ్లిన్ విలియమ్స్ డికెన్స్ వేషం వేసి, డికెన్స్ బల్లవంటి బల్ల చేయించుకొని, ఆ పఠనాలను తిరిగి ప్రదర్శించినాడు. దేశదేశాలలో ఏళ్ల తరబడి నడిపినాడు. మన తెలుగునాట ఓరుగల్లు మట్టెవాడలో 1932లో పుట్టిన నేరెళ్ల వేణుమాధవ్‌గారు ధ్వన్యనుకరణను, వేరే కార్యక్రమాల నడుమ ఐదు నిమిషాల వినోదంగా ఉండే స్థితి నుంచి, దానికొరకే జనం టిక్కెట్టు కొని వచ్చే సంపూర్ణ ప్రదర్శన స్థాయికి తెచ్చినారు. నాయకుల, నటుల కంఠాలతో ఆయన ఆగలేదు. టెన్ కమాండ్‌మెంట్స్, మెకన్నాస్ గోల్డ్ వంటి చలనచిత్రాల ఘట్టాలను సంభాషణతో, సంగీతంతో, గుర్రపు డెక్కలతో, ఉరుములతో సహా ఒక్క మైకు ముందు నిలబెట్టేవారు. దానిని విద్యగా బోధించి, పుస్తకంగా వ్రాసి, 2018లో వెళ్లిపోయినారు. ఆయన గొంతు, అదృష్టవశాత్తు, ముద్రితమై ఉన్నది. మాథ్యూస్ గొంతుకు ఆ భాగ్యం లేదు.

ఇకమీదట రేడియోలో ఒక ముసలమ్మ "ఎవరు నాయనా అది?" అన్నప్పుడు ఒక్కసారి చెవి ఒగ్గి వినండి. గొంతు వణికించినంత మాత్రాన ముసలమ్మ కాదు. ఆమెకు ఒక ఊరు ఉన్నదా, ఒక ఆయాసం ఉన్నదా, ఆ పిలుపులో ఎవరి కొరకో ఎదురుచూపు ఉన్నదా? ఉన్నదని మీ చెవికి తోస్తే, ఆ నటుడు ఎక్కడో ఒక అమ్మను శ్రద్ధగా, గౌరవంతో విని వచ్చినాడన్నమాట.